ఆ గదిలో ఇనుప మంచం లేదు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తాను... తర్వాత ఎంత బతిమాలినా నోరు విప్పను. నా సంగతి మీకు తెలుసు. ఇంతవరకు చాలామంది మీద ఫిర్యాదులు రాశాను. బస్సు కండక్టరు మీద రాశాను, రేషన్ డీలరు మీద రాశాను, సొంత మేనమామ మీద కూడా రాశాను. కానీ జరగనిది జరిగిందని ఒక్క అక్షరం రాయలేదు. ఇదీ అంతే. జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి నా చేతికిచ్చిన చీటీ ఇప్పటికీ నా పాస్‌పోర్టు కవర్లో ఉంది.

ఆ విమానాశ్రయం పేరు మాత్రం అడగకండి. అక్కడ ఒక మనిషి నాకు సాయం చేశాడు. ఆయన ఉద్యోగానికి నా వల్ల ఇబ్బంది రాకూడదు.

పోయిన ఎండాకాలం. పోశం శవాన్ని తీసుకుని ఇంటికి వస్తున్నాను.

పోశంది కాగజ్‌నగర్ పక్కన పల్లె. పేపరు మిల్లు మూతపడ్డ ఏడాది గల్ఫ్‌కు వచ్చాడు. మిల్లు మళ్లీ తెరిచినా వెనక్కి పోలేదు. నాది కరీంనగర్ దగ్గర. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే క్యాంపు, ఒకే గది. ఎనిమిది మందికి నాలుగు రెండంతస్తుల ఇనుప మంచాలు. పోశంది పై మంచం. నాది కింది మంచం.

మా గదిలో పొద్దున లేపే పని పోశానిది. ఎవరూ అప్పగించలేదు, ఆయనే పెట్టుకున్నాడు. మిల్లులో షిఫ్టులు చేసిన మనిషి కదా, నాలుగింటికి దానంతటదే మెలకువ వచ్చేది. చాయ్ చెంచా తీసుకుని ఒక్కొక్క మంచం కాలి మీద కొట్టేవాడు. ఠంగ్... ఠంగ్... కాసేపు ఆగి, ఇంకొకటి. ఠంగ్. ఇనుప గొట్టం కదా, ఆ అదురు మంచమంతా పాకి పుర్రెలోకి వచ్చేది. పళ్లు జివ్వుమనేవి. చచ్చినట్టు లేచేవాళ్లం. బస్సు నాలుగున్నరకు.

ఒక రోజు నన్ను లేపలేదు.

బస్సు పోయింది. ఆ రోజు పని పోయింది. సాయంత్రం నలభై మంది ముందు సూపర్వైజర్ నన్ను సోమరిపోతు అన్నాడు. నేను... సోమరిపోతును! గదికి వచ్చి అడిగాను.

"లేపిన మల్లేశం. కొట్టిన. నువ్వు ఊఁ అన్నవ్. లేసినవనుకున్న."

"నేను అనలే."

"అన్నవ్ రా."

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"గట్ల అనలే గదనే..."

ఆ మాటే ఆఖరు. రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాట్లాడటానికి చూశాడు. ఓసారి శనగలు ఉడికించి గుడాలు చేసి నా మంచం మీద గిన్నె పెట్టాడు. నేను ఆ గిన్నెను అట్లాగే ఎత్తి ఆయన మంచం మీద పెట్టాను. ఆయన చెంచా నా మంచానికి తగలకూడదని ఫోనులో పది నిమిషాల ముందే అలారం పెట్టుకున్నాను. అందరికంటే ముందు లేచి, బొంత మడిచి, కూర్చునేవాడిని. పోశం కిందికి దిగేవాడు. నన్ను చూసేవాడు. నా మంచాన్ని వదిలేసి పక్క మంచం దగ్గరికి పోయేవాడు.

ఒక పొద్దున నా అలారం మోగింది. లేచి కూర్చున్నాను. పోశం దిగలేదు. పది నిమిషాలు... పావుగంట... పైనుంచి కదలికే లేదు. ఇవాళ ఈయన కూడా నిద్రపోయాడు, గదంతా బస్సు తప్పుతుంది, అప్పుడు తెలుస్తుంది నొప్పి అనుకున్నాను. పైకి చూడలేదు. కూర్చుని... చెప్పడానికి సిగ్గేస్తుంది గాని... లోపల సంతోషించాను.

డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. అర్ధరాత్రే పోయాడట. నేను చూసినా చేసేదేమీ లేదట. అది ఆయన అన్న మాట. నా మట్టుకు నాకు ఆ పావుగంట ఇంకా గడవలేదు.

కాగితాలు తేలేసరికి ఇరవై రోజులు పట్టింది. శవం వెంట ఒకరు పోవాలన్నారు. ఎవరూ నన్ను అడగలేదు. మా ఇద్దరికీ మాటల్లేవని క్యాంపంతటికీ తెలుసు. నేనే లేచి "నేను పోత" అన్నాను. గదిలో అందరూ నా మొహం చూశారు.

బయలుదేరే ముందు పోశం భార్య భూలక్ష్మి ఫోన్ చేసింది.

"అన్నా... ఆయనను ఒక్కన్ని ఇడువకు. మేల్కొనే ఉండు. నువ్వు ఉంటవ్ గదా?"

"ఉంట చెల్లె."

"నిద్రపోవు గదా?"

"పోను."

"రేపు పొద్దుగూకేవరకన్న ఇంటికి తేవాలె అన్నా. ఇరువై దినాలాయె. ఇంక నాతోటి కాదు."

మా దిక్కు చనిపోయిన మనిషిని రాత్రిపూట ఒంటరిగా వదలరు. దీపం పెట్టి పక్కన ఎవరో ఒకరు తెల్లవార్లూ మేలుకుని ఉంటారు. ఆమె అడిగింది అదే. నేను ఒప్పుకున్నది అదే.

మధ్యలో విమానం మారాలి. మొదటిది ఆలస్యంగా దిగింది. రెండోది వెళ్లిపోయింది. తర్వాతది తెల్లవారి ఐదు దాటాక. అంటే దాదాపు పదకొండు గంటలు. కౌంటర్ దగ్గరికి పోయి పెట్టె ఎక్కడుందని అడిగాను.

"బ్యాగేజీ నేరుగా వచ్చేస్తుంది" అంది అక్కడి అమ్మాయి హిందీలో.

"అది బ్యాగేజీ కాదమ్మా. మనిషి."

"పక్కకు నిలబడండి."

నిలబడలేదు. ఆ మాట మరిచిపోలేదు కూడా. కౌంటర్ ముందు నుంచి అడుగు కదల్లేదు. కాగితం అడిగి ఫిర్యాదు రాశాను. ఇంగ్లీషు రానిచోట హిందీ రాశాను, హిందీ అందనిచోట తెలుగు రాశాను. వచ్చిన ప్రతి ఒక్కరి పేరు అడిగి అందులో కలిపాను. చివరకు ఒక మలయాళీ పెద్దాయన వచ్చాడు, కోటు వేసుకుని. కాగితం చదివాడు. నిజంగా చదివాడు, వేలు పెట్టి, లైను లైనూ.

"ఆయన మీకు ఏమవుతాడు?" అన్నాడు.

అంతసేపట్లో ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. దోస్తు అందామంటే రెండేళ్లుగా మాట లేదు. "మా గదిలో మనిషి" అన్నాను.

ఆయన ఒక చీటీ రాశాడు. "పైన ఫస్ట్ క్లాస్ లాంజ్‌లో కూర్చోండి. పెట్టె సంగతి నేను చూస్తాను" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి లిఫ్టు దాకా వచ్చాడు. ఆ చెయ్యి కూడా నేను మరిచిపోలేదు. నేను చెడ్డవే గుర్తు పెట్టుకుంటానని అనేవాళ్లకు చెప్తున్నాను.

పైన అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల అడుగుపెడితే... చప్పుడు పోయింది. అవును, చప్పుడే పోయింది. తివాచీ ఎంత మందమంటే నా అడుగులు నాకే వినిపించలేదు. కింద అంత జనం, అన్ని మైకులు, అంత ఏడుపు... పైన ఏమీ లేదు. ఏసీ కూడా ఊపిరి బిగబట్టినట్టే ఉంది.

ముందు కూర్చున్న అమ్మాయి చీటీ చూసింది. నా చెప్పులు చూసింది. మళ్లీ చీటీ చూసింది. మళ్లీ చెప్పులు చూసింది. "ఇక్కడ మైకులో ప్రకటనలు ఉండవు సార్. టైం అయితే మేమే వచ్చి చెప్తాం" అని లోపలికి పంపింది.

తోలు కుర్చీలు. కుర్చీకీ కుర్చీకీ మధ్య చెక్క అడ్డాలు. పసుపు దీపాలు. స్నానం గదిలో చుట్టిన తెల్ల తువ్వాళ్లు... ముట్టుకోవడానికే భయమేసింది, నా చేతి నలుపు అంటుకుంటుందని. దూరంగా ఇద్దరు ముగ్గురు కోట్ల మనుషులు కాళ్లు చాపి నిద్రపోతున్నారు. ఒక ముసలి బంగ్లాదేశీ నౌకరు కప్పులు ఏరుతున్నాడు. చాచా అని పిలిస్తే నవ్వాడు. పిడి లేని బుల్లి కప్పులో చేదు కాఫీ తెచ్చిచ్చాడు. ఖర్జూరాలు తెచ్చాడు. "తిను బేటా, ఇక్కడ ఎవరూ లెక్క అడగరు" అన్నాడు.

పోశం పదేళ్లు ఈ దేశాల మీద తిరిగాడు. ఎన్నిసార్లు కింద నేల మీద బ్యాగు తలకింద పెట్టుకుని పడుకున్నాడో. ఇట్లాంటి గది ఒకటి పైన ఉందని కూడా తెలిసి ఉండదు. ఇప్పుడు ఆయన ఏ షెడ్డులోనో చీకట్లో పెట్టెలో ఉన్నాడు. నేను తోలు కుర్చీలో ఉన్నాను. ఆయన పక్కన కూర్చోలేను. కనీసం మేలుకుని ఉండాలి.

అలారం పెట్టలేదు. నిద్రపోయే ఉద్దేశమే లేనివాడు అలారం ఎందుకు పెడతాడు?

పన్నెండు చూశాను. ఒంటిగంట చూశాను. ముఖం కడుక్కున్నాను. ఇంకో కాఫీ. రెండు కావస్తుండగా కుర్చీ పక్కన ఏదో మీట తగిలింది... కుర్చీ మెల్లగా వెనక్కి వాలింది. కాళ్లు వాటంతటవే లేచాయి. నడుము కింద మెత్తగా... ఇరవై రోజులుగా ఆఫీసుల చుట్టూ తిరిగిన నడుము. ఒక్క నిమిషం అనుకున్నాను. కళ్లు మూయను, నడుము వాలుస్తాను, అంతే అనుకున్నాను...

ఠంగ్.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి.

మొదటిది కలలో విన్నానేమో. ఒప్పుకుంటాను. క్యాంపు గది కల అయి ఉంటుంది. నాలుగు కాలేదులే, ఇంకా టైముంది అనుకున్నట్టు కూడా గుర్తు.

ఠంగ్.

రెండోదానికి కళ్లు తెరిచాను. పసుపు దీపం కనబడింది. చెక్క అడ్డం కనబడింది. ఎక్కడున్నానో తెలిసింది. మెలకువలోనే ఉన్నాను. ఖాళీ కాఫీ కప్పు, పక్కన ఖర్జూరం గింజలు... అన్నీ చూశాను. కదల్లేదు. ఊపిరి తీయలేదు. ఆ ఆగడం ఉంది చూడండి... రెండు దెబ్బల తర్వాత ఆగుతాడు పోశం. ఎంతసేపు ఆగుతాడో ఆరేళ్లు ఆ మంచం మీద పడుకున్న నా ఒంటికి తెలుసు. సరిగ్గా అంతసేపే... నిశ్శబ్దం. చెవుల్లో నా గుండె కొట్టుకుంటోంది. ఇప్పుడు వస్తుంది... ఇప్పుడు...

ఠంగ్!

నా తల వెనకే. అంత దగ్గర. అదురు పుర్రెలోకి దిగింది. పళ్లు జివ్వుమన్నాయి.

ఎగిరి లేచాను. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కుర్చీ వెనక తివాచీ మీద అడుగు జాడ కూడా లేదు... ముందువైపు నావీ చాచావీ మాత్రం స్పష్టంగా పడి ఉన్నాయి. కుర్చీని తడిమాను. తోలు. కింద తడిమాను. చెక్క. అడ్డం మీద వేలితో కొట్టాను. డొల్లగా, చెక్క చప్పుడు. దీపం కాడ మీద కొట్టాను. అదేదో రాయి. మోకాళ్ల మీద కూర్చుని ఆ చుట్టుపక్కల అంతా కొట్టి చూశాను. అట్లా మోగే ఇనుము... చేతికి అందేంత దూరంలో ఎక్కడా లేదు.

అప్పుడు చాచా గబగబా వచ్చాడు. ముఖం చిట్లించుకుని.

"బేటా, చెంచాతో అట్లా కొట్టకూడదు. పెద్దసార్లు పడుకున్నారు. నన్ను పిలవాలంటే చెయ్యి ఎత్తితే చాలు కదా."

"నేను కొట్టలేదు చాచా."

"అక్కడ వంటింట్లోకి వినిపించింది. మూడుసార్లు కొట్టావు."

"నా దగ్గర చెంచానే లేదు చాచా. చూడు."

చూశాడు. కాఫీకి చెంచా ఇవ్వరు అక్కడ. తెచ్చింది ఆయనే, ఆయనకు తెలుసు. ఒకసారి కుర్చీ వెనక్కి చూశాడు. ఏదో దువా చదువుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా వైపు రాలేదు.

గోడ గడియారం మూడూ నలభై.

ముందుకు పరుగెత్తాను. ఆ అమ్మాయి లేదు, వేరే అమ్మాయి ఉంది. నా పేరు ఆమె దగ్గర జాబితాలో లేదు. చీటీ మీద వచ్చినవాడిని కదా, నన్ను లేపమని ఎవరూ రాసి పెట్టలేదు. మలయాళీ సారును అడిగితే డ్యూటీ దిగి అర్ధరాత్రే ఇంటికి పోయాడట. అంటే... నేను పడుకుని ఉంటే తెల్లారేదాకా ఎవరూ లేపేవాళ్లు కాదు.

గేటు దగ్గరికి పోయాను. పెట్టె ఎక్కిందా అని అడిగాను. ఎక్కే ఉంటుందన్నాడు అక్కడి వాడు. ఉంటుంది అంటే కాదు, అడిగి చెప్పు అన్నాను. అది నా పని కాదన్నాడు. పేరు చెప్పు, రాసుకుంటానన్నాను. విసుక్కుంటూ ఫోన్ చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ... ముఖం మారింది.

పెట్టె కాగితాలు వెళ్లిపోయిన విమానం పేరు మీదే ఉన్నాయట. మార్చలేదట. షెడ్డులోనే ఉందట. ఈ విమానానికి కాదు, మూడు రోజుల తర్వాత దానికి పంపుతారట. మీరు ఎక్కండి సార్, వెనక వస్తుంది అన్నాడు.

"పెట్టె ఎక్కనిది నేను ఎక్కను."

గొడవ విని మన కుర్రాళ్లు వచ్చారు. నిర్మల్ దిక్కు వాళ్లు, సెలవు మీద ఇంటికి పోతున్నారు.

"ఏమైందే అన్నా?"

"మనోని పెట్టె ఇడిసిపెట్టి పోతరట."

"అరే, అట్లెట్ల పోతరు? మేం గూడ ఎక్కం. ఏం జేస్తరో జెయ్యనియ్యి. కూసో అన్నా, ఫికర్ జెయ్యకు."

పద్నాలుగు మంది గేటు ముందు నేల మీద కూర్చున్నారు. ఫోన్ల మీద ఫోన్లు. గంట తర్వాత అద్దం లోంచి చూశాను... పసుపు దీపం తిరుగుతున్న బండి ఒకటి వచ్చింది. దాని మీద తెల్ల గుడ్డ చుట్టిన పెట్టె. పైన పోశం పేరు పెద్ద అక్షరాలతో. మెల్లగా పైకి లేపి లోపలికి తోశారు. నిర్మల్ పిల్లగాడు ఒకడు చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. అప్పుడు ఎక్కాను. దారంతా రెప్ప వేయలేదు.

మంచిర్యాల దాటేసరికి పొద్దు వాలింది. ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మాట ప్రకారం ఇంటికి తెచ్చాను. ఆ రాత్రి పెట్టె పక్కన నేనే కూర్చున్నాను, ఎవరు లేవమన్నా లేవలేదు.

మూడోనాడు తిరిగి వస్తుంటే భూలక్ష్మి వాకిట్లోకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, తొవ్వల నిద్రపోలే గదా?"

లేదంటే సరిపోయేది. ఎవరికి తెలుస్తుంది? కానీ ఒకరి తప్పును రెండేళ్లు మోసినవాణ్ని. నా తప్పును ఎట్లా దాస్తాను?

"పోయిన చెల్లె. రెండు గంటలు పోయిన." అంతా చెప్పాను. కుర్చీ, చెంచా చప్పుడు, చాచా తిట్టడం, పెట్టె మిగిలిపోవడం... అంతా. పోశంతో మాట లేని రెండేళ్ల సంగతి కూడా చెప్పాను. ఆమెకు ముందే తెలుసట. వారం వారం ఫోనులో చెప్పేవాడట.

ఆమె భయపడలేదు. ఆశ్చర్యపోలేదు. కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత అడిగింది.

"కోపంతోటి కొట్టిండా అన్నా?"

"లేదు చెల్లె. మెల్లగనే కొట్టిండు" అన్నాను.

తలూపింది. కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

మీతో అబద్ధం చెప్పనన్నాను కదా. మొదటిది మెల్లగానే పడింది. రెండోదీ మెల్లగానే. మూడోది మాత్రం గట్టిగా పడింది... క్యాంపులో ఎన్నడూ కొట్టనంత గట్టిగా. టైము లేదని అట్లా కొట్టాడా, నా మీద కోపంతో కొట్టాడా... అసలు కొట్టింది ఆయనేనా... రాత్రిళ్లు పడుకుని చెవిలో మళ్లీ మళ్లీ వింటాను. ఎన్నిసార్లు విన్నా తేలదు.